చిరునామా మీద చీటీ

సోమవారం సాయంత్రం భివండీ నుంచి టెంపో ఖాళీగా తిరిగి రావలసింది. నిండుగా వచ్చింది. కామాఠిపురా పదకొండో గల్లీలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు నెల రోజులు దంచి, జల్లించి, పొట్లాలు కట్టిన ‘మల్లవ్వ పొడులు’, చెక్క పలకల మీద పేర్చిన రెండు పాలెట్లూ, ఆన్‌లైన్ కంపెనీ గిడ్డంగి గేటు దాటలేకపోయాయి. ఎందుకు తిప్పి పంపారో డ్రైవరుకు తెలియదు. అతని చేతికిచ్చిన కాగితంలో మాత్రం ఒక్క ముక్క ఉంది: పొట్లం మీద ఉన్న చిరునామా, లైసెన్సులో ఉన్న చిరునామా ఒకటి కావు. ఈ పొడుల వ్యాపారం నడిపే సపన ఆ ముక్క మూడుసార్లు చదువుకుంది. పై వరసలోంచి ఒక అట్టపెట్టె దింపి, కత్తి తీసుకుని టేపు కోసింది. అక్కడిదాకా చెప్పుకున్నాం.

పెట్టెలో పల్లి పొడి పొట్లాలు ఇరవై నాలుగు, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒకటి తీసి వెనక్కి తిప్పింది. లైసెన్సు నంబరు సరిగ్గానే ఉంది. తయారైన తేదీ ఉంది. దాని కింద చిరునామా: గ్రాంట్ రోడ్ తూర్పు, ముంబై.

సపన కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. తను అచ్చు వేయించింది అది కాదు. బొటనవేలి గోటితో ఆ అక్షరాల అంచున గీకింది. పొట్లం రంగులోనే ఉన్న పసుపుపచ్చ చీటీ ఒకటి, చిటికెన వేలంత వెడల్పుది, నెమ్మదిగా లేచి వచ్చింది. అడుగున అసలు చిరునామా బయటపడింది: పదకొండో గల్లీ, కామాఠిపురా.

ఇంకో పొట్లం తీసింది. దాని మీదా చీటీ. ఇంకోటి. దాని మీదా అంతే. రెండు పాలెట్లకు ఎనభై పెట్టెలు. పంతొమ్మిది వందల ఇరవై పొట్లాలు. ఎవరో ఒక్కొక్కదాని మీదా ఒక్కొక్క చీటీ, వంకర లేకుండా, మడత పడకుండా, ఎంతో శ్రద్ధగా అతికించారు.

సపనకు ఈ పని కొత్త కాదు. సొంతంగా మొదలుపెట్టకముందు ఆరేళ్ళు భివండీలోనే ఒక గోదాములో చీటీలు అతికించే పనికి వెళ్ళింది. తెల్లారి లోకల్ బండి పట్టుకుని, ఠాణేలో దిగి, షేర్ ఆటో ఎక్కి పోయేది. పెట్టె ఎట్లా మూయాలో, బార్‌కోడ్ టేపు మడతలో పడకుండా ఎక్కడ అతికించాలో, చెక్క పాలెట్ మీద పెట్టెలు ఎంత ఎత్తు పేర్చాలో అన్నీ అక్కడే నేర్చుకుంది. గేటు దగ్గర వాళ్ళకు కోపతాపాలు ఉండవు, కొలత మాత్రమే ఉంటుందని ఆమెకు తెలుసు. పెట్టె అంచు పాలెట్ దాటి రెండు వేళ్ళు బయటికి వచ్చినా వెనక్కి పంపుతారు. అలాంటిది చిరునామా మీద ఇంకో చిరునామా అతికించి ఉంటే ఊరుకుంటారా?

ఆ సాయంత్రమే ఫోను చేసి బతిమాలితే గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు మరోసారి సరుకు దింపుకోవడానికి వేళ ఇచ్చారు. కొత్తగా చేరినవాళ్ళ సరుకు రెండోసారి కూడా తిరిగిపోతే వాళ్ళ పేరు జాబితాలోంచి తీసేస్తారు. మళ్ళీ చేరాలంటే వచ్చే ఏడాదే. దసరా అమ్మకాలను నమ్ముకుని, పొడులు దంచే ఎనిమిదిమందిలో ఒకతైన లచ్చమ్మ రెండిళ్ళలో పాచిపని మానేసింది. మిగతా వాళ్ళదీ ఇంచుమించు అదే కథ.

మంగళవారం పొద్దున సపన ముందుగా అడిగింది కూతుర్ని. దర్శన డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పొట్లం మీద ఏ అక్షరం ఎక్కడుండాలో కంప్యూటర్లో దిద్దింది ఆ పిల్లే. కామాఠిపురా పేరు వింటే ముంబైలో ఎవరికైనా గుర్తొచ్చేది ఆడవాళ్ళు ఒళ్ళమ్ముకునే వీధులే కాబట్టి, కాలేజీలో ఎవరడిగినా తాను ఉండేది గ్రాంట్ రోడ్ అని చెబుతుందని సపనకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ ఏనాడూ ఏమీ అనలేదు.

“గీ చీటీ నువ్వేనా అతికించింది?”

దర్శన జడ అల్లుకుంటున్నదల్లా ఆగిపోయింది. చీటీ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నేనా? మమ్మీ, ఒట్టు, శప్పత్! నాకేం తెల్వదు.”

“మరి ఇంకెవలకు సిగ్గయితది గీ పేరంటె? నీకే గదా?”

అన్న తర్వాత సపనకే ఆ మాట గట్టిగా తగిలింది. దర్శన మొహం ఎర్రబడింది.

“అవును, నేను గ్రాంట్ రోడ్ అనే చెప్త. కామాఠిపురా అంటె పోరలు ఎట్ల చూస్తరో నీకు తెల్వదా? నా నోటితోటి నేను ఏమన్న చెప్పుకుంట. కానీ నీ పొట్లాల మీద చెయ్యి పెట్టలే. నీ కష్టం మీద ఎందుకు పెడ్త?”

సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయింది. సపన వెనక నుంచి పిలవబోయి ఆగింది. పిల్ల అబద్ధం ఆడలేదని గొంతే చెప్పింది.

చీటీ అచ్చు బాగుంది. రంగు కలిసింది, అక్షరం కలిసింది. ఆ పొట్లాల అసలు అచ్చు తెలిసిన మనిషి తప్ప ఇంకెవరూ అలా చేయలేరు. సపన ఫాక్‌లాండ్ రోడ్డు మీది బంటీ దుకాణానికి నడిచింది. పెళ్ళి పత్రికలు, బిల్లు పుస్తకాలు, స్టిక్కర్లు వేసే చిన్న ప్రెస్సు అది. నలభై ఏళ్ళ బంటీ చిన్నప్పుడు సపనతో కలిసి మునిసిపల్ తెలుగు బడిలో చదివాడు. ఇప్పుడు తెలుగు మాట్లాడతాడు గాని చదవడం మరిచిపోయాడు.

“గివా? నేనే కొట్టిన” అన్నాడు చీటీ చూడగానే. “రెండు వేలు. ఏం, రంగు తేడా వచ్చిందా?”

“నిన్ను ఎవరు కొట్టమన్నరు?”

బంటీ తికమకగా చూశాడు. “నువ్వే గదా చెప్పి పంపినవ్? సపన పంపింది, జల్దీ కావాలె అన్నది. ఖాళీ పొట్లం ఒకటి నమూనాకు తెచ్చింది గూడ.”

“ఎవరు తెచ్చిండ్రు బంటీ?”

“అవ్వ. మల్లవ్వ. ఇంకెవరు?”

సపన ఆ దుకాణం మెట్టు మీదే కాసేపు కూర్చుండిపోయింది. ఖాళీ పొట్లాల కట్టలు నింపే ముందు రెండు వారాలు తమ గదిలోనే, అటక మీద ఉన్నాయి. తను పగలంతా కింద గాలాలో, పొడులు దంచే షెడ్డులో ఉండేది. పైన అవ్వ ఒక్కతే.

వాళ్ళుండే చాలులో, వరస గదుల ఆ పాత భవనం రెండో అంతస్తులో, గది ముందు కొయ్య వరండాలో మల్లవ్వ చాప పరుచుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. సపనను కన్న తల్లి, అరవై ఏడేళ్ళ మనిషి. అక్షరం రాదు గాని మిరపకాయ వాసన చూసి ఏ మార్కెట్ నుంచి వచ్చిందో చెబుతుంది. ప్రతి పొట్లం ముందు వైపూ ఉన్నది ఆమె పేరే.

సపన ఎదురుగా కూర్చుని చీటీ చాప మీద పెట్టింది. మల్లవ్వ దాన్ని చూసింది. చేతిలో మిరపకాయ తొడిమ తీసి, కాయ ఇటు, తొడిమ అటు వేసింది. ఇంకోటి అందుకుంది.

“బంటీ చెప్పిండా?”

“చెప్పిండు.”

“చెప్పకు అని అన్లే వానికి. అనాల్సి ఉండె.”

“ఎందుకు చేసినవ్ అవ్వా?”

మల్లవ్వ ఇంకో గుప్పెడు మిరపకాయలు ముందుకు లాక్కుంది. కింద గల్లీలో కూరగాయల బండివాడు కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఎదురు చాలులో ఎవరో చీర ఆరేస్తున్నారు.

“నువ్వు నాలుగో తరగతిల ఉన్నవ్ గప్పుడు” అంది చివరికి. “గిర్గావ్ దిక్కు ఒక పెద్ద బిల్డింగుకు పొడులు తీస్కపోయేదాన్ని. యాదికున్నదా?”

“సీసలల్ల. గంప నెత్తిన పెట్టుకొని పోయేదానివి. మోకాళ్ళ నొప్పులని మానేసినవ్.”

“మోకాళ్ళకేమైంది అప్పుడు? ముప్పై ఏండ్ల కింది మోకాళ్ళు.” మల్లవ్వ చిన్నగా నవ్వింది. “ముప్పై ఇండ్లు ఉండె ఆ బిల్డింగుల. మల్లాబాయి, మల్లాబాయి అని ఒకటే పిలుసుడు. పిల్లలు గూడ అన్నంల కలుపుకొని తినేటోళ్ళు. ఒకనాడు మూడో అంతస్తు మీది బాయి, మా తమ్మునికి పంపాలె, డ్రైవర్‌ను పంపిస్త, నీ ఇల్లేడ చెప్పు అన్నది. నాకేం ఎరుక? చెప్పిన. పదకొండో గల్లీ అన్న, కామాఠిపురా అన్న. ఆమె ఏమనలే. అచ్ఛా అన్నది, తలుపేసుకున్నది.”

చేతులు మళ్ళీ పనిలో పడ్డాయి. మాట మాత్రం ఆగలేదు.

“మళ్ళ వారం పోతె వాచ్‌మన్ లోపలికి రానియ్యలే. మెట్ల కాడ సీసలన్ని వరుసగ పెట్టిండ్రు. మూత తియ్యనివి గాదు బిడ్డా. సగం తిన్నయి, అడుగుల చెంచడు మిగిలినయి, అన్ని. తిన్నది గూడ వాపస్ చేసిండ్రు. నేను తప్పు పని చేసేదాన్నా? మీ తాత రాళ్ళు మోసిండు, మీ నాయన సిమెంటు కలిపిండు, నేను కారం దంచిన. ఇదంతా ఆడ ఎవలకు చెప్పాలె? గంపల పెట్టుకొని తెచ్చి మోరీల పారపోసిన. మళ్ళ ఏ ఇంటికీ పోలే.”

ముప్పై ఏళ్ళు ఒకే గదిలో ఉన్నారు ఇద్దరూ. ఈ మాట ఎన్నడూ బయటికి రాలేదు.

“నువ్వు నా పేరు పెడ్తానంటె సంబురమైంది. పేరుకేంది, పేరు చూసి ఎవలు వాపస్ ఇయ్యరు. ఎనకకు తిప్పి, ఇది ఏమని రాసిందే అని దర్శనను అడిగిన. చదివి చెప్పింది. ఆ రాత్రి నాకు అన్నం పోలే. మెట్ల మీద ఆ సీసలే కండ్లల్ల మెదిలినయి. ముప్పై ఇండ్లు గాదు గిప్పుడు, దేశమంత పోతయంటివి. అందుకని పదకొండు రోజులు కూసోని అతికించిన. తప్పే. గానీ నీ సరుకు వాపస్ రావొద్దనే చేసిన బిడ్డా.”

సపన చీటీ తీసి చేతిలో పట్టుకుంది. చెప్పకుండా ఉండాలనిపించింది. కానీ ఈ ఇంట్లో చెప్పకుండా ఉన్నది ఇప్పటికే చాలా ఎక్కువైపోయింది.

“అవ్వా, సరుకు వాపస్ వచ్చింది కామాఠిపురా అని చూసి గాదు. వాళ్ళకు ఏ గల్లీ అయితే ఏంది? కాగితంల ఉన్నది, పొట్లం మీద ఉన్నది ఒక్కటే ఉండాలె, గంతే. గీ చీటీ చూసి వాపస్ చేసిండ్రు.”

మల్లవ్వ చేయి ఆగింది.

“నాతోనే వాపస్ వచ్చిందా?”

సపన కాదు అనలేదు.

మల్లవ్వ ఏడవలేదు. మిరపకాయలు చేటలోకి ఎత్తి, చాప చుట్టి గోడకు ఆనించింది. పంపు దగ్గర కారం చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి గాలా వైపు నడిచింది. సపన వెనకాలే దిగింది.

గాలాలో ఆడవాళ్ళంతా పెట్టెల చుట్టూ గుసగుసలాడుకుంటున్నారు. మల్లవ్వ గడపలోనే నిలబడి చెప్పేసింది.

“గా చీటీలు నేనే అతికించిన. గీ గల్లీ పేరు చూస్తె ఎవలు కొనరని భయపడ్డ. మీ అందరి కష్టం నేనే వాపస్ తెప్పించిన.”

లచ్చమ్మ, అందరిలోకీ నోరున్న మనిషి, ఏమంటుందోనని సపన భయపడింది. లచ్చమ్మ ముక్కు తుడుచుకుంది.

“పదేండ్లు పని చేసిన ఇంట్ల నేను భాయ్‌ఖలా అని చెప్పిన వదినా. ఒకనాడు ఆ సేఠానీ భాయ్‌ఖలాల ఏ బిల్డింగు అన్నది. నాకేం తెలుసు? జూలో పులి బోను ఎనకాల అన్న!”

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. ఒకామె నాగ్‌పాడా అని చెప్పేదట, ఇంకొకామె ముంబై సెంట్రల్ అని. ఆ గదిలో పదకొండో గల్లీలో ఉండే మనిషి ఒక్కతీ లేనట్టే తేలింది. మల్లవ్వ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత పనిలో పడ్డారు. చీటీ ఊరికే లాగితే కింది అక్షరాలు కూడా లేచి వస్తున్నాయి. బ్యూటీ పార్లర్లో పనిచేసే లచ్చమ్మ కోడలు జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చింది. వేడిగాలి తగిలితే జిగురు మెత్తబడి చీటీ మొత్తంగా ఊడి వచ్చింది. మంగళవారం చీకటి పడేదాకా, బుధవారం మధ్యాహ్నం దాకా అదే పని. కాలేజీ నుంచి వచ్చిన దర్శన ఎవరూ పిలవకుండానే అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఒక పొట్లం శుభ్రం చేసి చూసి, “ఆజీ, నువ్వు నాకంటె సీదా అతికించినవ్” అంది. సపన కూతురి వైపు చూసింది. “పొద్దున అట్ల అనొద్దుండె నేను” అంది మెల్లగా. దర్శన తలెత్తకుండానే, “మిషన్ ఇటియ్యి మమ్మీ” అంది. ఇద్దరికీ అది సరిపోయింది.

పాలెట్లు కట్టడం యాదయ్య పని. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు గోడలు కట్టిన మేస్త్రీ. నడుము పట్టేశాక ఇక్కడ చేరాడు. మొదట్లో పెట్టెల్ని ఇటుకల్లాగా రెండింటి అతుకు మీద ఇంకోటి వచ్చేలా పేర్చేవాడు. పెట్టెకు బలం మూలల్లోనే ఉంటుందనీ, మూల మీద మూల నిలిస్తేనే కింది పెట్టె నలగదనీ సపన చెబితే, “గట్ల కడితె గోడ నిలవదు బిడ్డా” అని వాదించాడు. చివరికి ఇద్దరికీ రాజీ కుదిరింది: కింది మూడు వరసలు మూల మీద మూల, పై వరస మాత్రం యాదయ్య మాట ప్రకారం అడ్డంగా, కింది వాటిని కట్టిపడేసేలా.

బుధవారం నాలుగు గంటలకల్లా రెండు పాలెట్లూ లేచాయి. అంచు ఎక్కడా బయటికి రాలేదు. నాలుగు మూలలా అట్టబద్దలు నిలబెట్టి, అడుగున చెక్కతో కలిపి మొదలుపెట్టి పైదాకా ప్లాస్టిక్ పొర బిగించి చుట్టారు. నాలుగు వైపులా నాలుగు గుర్తింపు చీటీలు దర్శన అతికించింది.

అప్పుడే ఆ పిల్ల ఫోను మోగి కంపెనీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించింది.

“మమ్మీ, ఒకసారి చిరునామా తేడా వచ్చింది గదా, అందుకని రేపు పొద్దున జాగ చూడనీకి మనిషిని పంపుతరంట. ఆయన వచ్చి, జాగ ఫోటో, సరుకు ఫోటో తీసి, సంతకం పెడితెనే గేటు తీస్తరంట.”

గురువారం ఎనిమిదింటికి గాలా కడిగి తుడిచి ఉంది. టెంపో గడపకు వీపు ఆనించి నిలబడింది. పాలెట్లు రెండూ ఎక్కేశాయి. తొమ్మిది లోపు బయలుదేరకపోతే దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని పన్నెండింటికి చేరలేనని డ్రైవరు అప్పటికే రెండుసార్లు చెప్పాడు.

ఎనిమిదింబావుకు సపన ఫోను మోగింది. అవతల మర్యాదస్తుడి గొంతు, హిందీలో.

“మేడం, గ్రాంట్ రోడ్ స్టేషన్లో దిగాను. ఆ లోపలి గల్లీల్లోకి నేనెందుకు రావడం చెప్పండి? ఇక్కడ మంచి హోటల్ ఉంది. కాగితాలు పట్టుకుని మీరే రండి, చాయ్ తాగుతూ సంతకం పెట్టేస్తాను. ఫోటోలంటారా, మీ దగ్గరున్నవి ఏవో పంపండి, నేను చూసుకుంటా.”

ఫోను స్పీకరు మీద ఉంది. అందరూ విన్నారు. స్టేషను పది నిమిషాల నడక. పోయి సంతకం తెచ్చుకుంటే తొమ్మిదికి టెంపో కదులుతుంది.

“పో బిడ్డా” అంది లచ్చమ్మ మెల్లగా. “సంతకమే గదా.”

సపన టెంపోలో ఉన్న పాలెట్ల వైపు చూసింది. ఇద్దరి చేతుల్లో వేళ్ళ చివర్లు జిగురుతో ఇంకా నల్లగానే ఉన్నాయి, తనవీ, పక్కన నిలబడ్డ అవ్వవీ.

“లేదు సాబ్” అంది హిందీలో. “కాగితంల జాగ చూడాలని ఉన్నది. జాగ ఇక్కడ ఉన్నది. మీరు లోపలికి రావాలె. మా జాగ చూసి, మా సరుకు చూసి, అప్పుడు సంతకం పెట్టండి.”

అవతల రైలు ఒకటి దడదడా వెళ్ళిపోయింది.

“ఆలోచించి చెబుతాను” అన్నాడాయన. ఫోను పెట్టేశాడు.

డ్రైవరు గడియారం చూసుకుని తల పట్టుకున్నాడు. మల్లవ్వ గడప పక్కనున్న చెప్పులు వెతికి వేసుకుంది.

“ఏడికే అవ్వా?”

“స్టేషన్‌కు.” మల్లవ్వ కొంగు బొడ్లో దోపుకుంది. “కొత్త మనిషి, తొవ్వ ఎరుకుండదు. నేను పోయి తోల్కొస్త.”

“ఆయన ఎట్లుంటడో నీకేం ఎరుక? పేరు గూడ చెప్పలే!”

“పొట్లం చేతిల పట్టుకొని నిలబడ్త. దాని మీద నా పేరున్నది గదా. ఆయనే గుర్తు పడ్తడు.”

పల్లి పొడి పొట్లం ఒకటి పట్టుకుని, టెంపో పక్క నుంచి తప్పుకుని, ఆమె గల్లీ చివరి వైపు నడిచింది. దర్శన “ఆజీ, ఆగు!” అంటూ వెనక పరుగెత్తింది. ఇద్దరూ మలుపు తిరిగి కనపడకుండా పోయారు.

ఎనిమిదిన్నర అయింది. డ్రైవరు ఇంజను తిప్పాడు. సపన చేతిలో ఫోను మళ్ళీ మోగింది. అదే నంబరు.